ముత్తమ్మ బతికే ఉందనడానికి నాలుగు ఆమోదాలు

నా ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, వానాకాలం మొదట్లో, నన్ను భద్రాచలం అడవి అంచున ఉన్న ఒక మండలానికి డిప్యూటీ తహసీల్దారుగా వేశారు. మండలం పేరు ఇక్కడ అనవసరం. గిరిజనులు అడవిలో సాగుచేసుకునే పోడు భూముల పట్టాలను బ్లాక్‌చెయిన్‌లోకి ఎక్కించే ప్రయోగానికి ఆ మండలాన్నే ఎంచుకున్నారు.

ఖమ్మంలో ఒకరోజు శిక్షణ ఇచ్చారు. బ్లాక్‌చెయిన్ అంటే ఒకే రిజిస్టరుకు అనేక ప్రతులు. ఒకచోట ఎవరైనా అక్షరం మారిస్తే మిగతా ప్రతులు పట్టిస్తాయి. పబ్లిక్ రకంలో ఎవరైనా చేరి ఒక ప్రతి ఉంచుకోవచ్చు. మాది అనుమతి ఉన్నవారికే ప్రవేశం ఉండే రకం. రెవెన్యూ, అటవీ, సర్వే, గిరిజన సంక్షేమం, ఈ నాలుగు కార్యాలయాలే అందులో సభ్యులు. ప్రతి నమోదునూ మా తహసీల్దారుతో సహా నలుగురు అధికారులు తమ తమ డిజిటల్ కీతో ఆమోదించాలి. ఆ కీ పెన్‌డ్రైవ్ లాంటిది. కంప్యూటరుకు పెట్టి పిన్ కొడితే సంతకం చేసినట్టే. ఒకసారి ఎక్కినదాన్ని చెరపడం ఎవరి తరమూ కాదని శిక్షకుడు అన్నప్పుడు మేమంతా చప్పట్లు కొట్టాం.

నెల తిరగకముందే ముత్తమ్మ వచ్చింది. కోయ మనిషి, యాభై దాటి ఉంటుంది. భర్త పోయాక పట్టా తన పేరు మీదికి మార్చమని అర్జీ పెట్టుకుంది. నాగలి కట్టబోతే అటవీ సిబ్బంది ఆపారు. రికార్డు ప్రకారం ఆ భూమి ఆమెది కాదట.

రికార్డు తెరిచి చూశాను. అందులో భర్త బతికి ఉన్నాడు, ముత్తమ్మ చనిపోయింది. మా ఆపరేటరు రాజు పేర్లు తారుమారు చేశాడు. దాన్ని నాలుగు కార్యాలయాలూ ఆమోదించాయి.

విషయం చెప్పాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"నేను సచ్చిపోయిన్నా సార్? మరి నువ్వు ఎవరితోని మాట్లాడుతున్నవ్?"

చెరపడానికి వీల్లేదు. సవరణను కొత్త నమోదుగా చేర్చి, మళ్లీ నలుగురి ఆమోదం తీసుకోవాలి. ఆమె బతికే ఉందని ఊరంతటికీ తెలుసు. ఊరికి మాత్రం మా వ్యవస్థలో సభ్యత్వం లేదు.

అటవీ రేంజ్ ఆఫీసరును కలిసి, మొదటి నమోదును ఎలా ఆమోదించారని అడిగాను. ఆయన తెల్లబోయాడు. "కీ ఏంది దానియేలు గారూ? నేను దాన్ని కండ్ల చూడనే లేదు."

తిరిగొచ్చి రాజును అడిగాను. అతను సొరుగు లాగాడు. నాలుగు కీలూ ఒకే రబ్బరు బ్యాండులో ఉన్నాయి, వాటి పిన్‌లన్నీ ఒకే చీటీ మీద ఉన్నాయి. "ఆఫీసర్లు ఫీల్డుకు పోతరు గదా సార్. పని జల్దీ కావాలని..." అని నసిగాడు. ఆ వెంటనే, "మీరు ఊ అంటే పది నిమిషాల్ల అమ్మను బతికిస్త" అన్నాడు.

ఊ అనాలనే అనిపించింది. బయట వాన పడుతోంది. విత్తడానికి అదను దాటితే ఆ ఏడు పొలం బీడే. కానీ అతను పది నిమిషాల్లో బతికించగలిగితే, మరో పది నిమిషాల్లో ఇంకెవరినైనా చంపగలడు.

కీలు తీసుకుని, ముత్తమ్మను జీపులో ఎక్కించుకుని బయల్దేరాను. ఎవరి కీ వాళ్లకు అప్పగించి, పిన్ మార్పించి, మనిషిని ఎదురుగా నిలబెట్టి ఆమోదం అడిగాను. రెండు రోజులు పట్టింది. సర్వేయరు, "ఈమెనే అని ఏంది గ్యారంటీ?" అన్నాడు.

"సచ్చినోళ్లు గిట్ల ఆఫీసులెంబడి తిరుగుతరా బిడ్డా?" అంది ముత్తమ్మ. ఆయన పిన్ కొట్టాడు.

మూడో రోజు ఆమె విత్తనం వేసింది. రికార్డులో ఆమె మరణమూ ఉంది, తర్వాత సవరణా ఉంది. రెండూ చెరగవు.

సొరుగు సంగతి పైకి నివేదించాను. అనుమతి లేకుండా డిజిటల్ కీలను కార్యాలయం దాటించినందుకు సంజాయిషీ ఇమ్మని నాకు మెమో వచ్చింది. సొరుగు గురించి ఎవరూ అడగలేదు. సంజాయిషీ ఇచ్చాను, దాన్ని ఆమోదించారు.

నేను తెలుసుకున్నది ఇంతే. బ్లాక్‌చెయిన్ రాసినదాన్ని మారకుండా కాపాడుతుంది. రాసింది నిజమా కాదా అన్నది దాని పని కాదు, ఎదుట మనిషిని చూసి ఆమోదించేవాళ్ల పని. నాలుగు కీలు ఒకరి చేతిలో ఉన్నప్పుడు అక్కడున్నది నలుగురి ఆమోదం కాదు, ఒక్కడి ఇష్టం.