రీలు అయిపోకూడదని

మొన్న కోడలు అటక సర్దుతూ ఒక నెగెటివు ముక్కను వెలుతురుకు పట్టి ఇదెవరని అడిగితే, ఇన్నేళ్ల తర్వాత కూడా దాన్ని చటుక్కున లాక్కున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో అయిజలో మా అన్నకు ఫోటో స్టూడియో ఉండేది. మగవాడి ముందు నిలబడాలంటే ఆడపిల్లలు ముడుచుకుపోతారని ఫోటోలు తీసే పని నాకు నేర్పించాడు. మా వైపు ఒక్క మనిషి ముఖాన్ని పెద్దది చేయించి ఫ్రేము కట్టించారంటే ఆ మనిషి పోయినట్టే లెక్క, బతికున్నవాళ్లకు పాస్‌పోర్టు సైజు చాలు. అలాంటిది వడ్డేపల్లి నుంచి ఇంటర్ తప్పిన పిల్ల ఒకతె ఒంటరిగా వచ్చి, "అక్కా, నాదొక్కదానిదే పెద్ద ఫోటో తీసి ఫ్రేము కట్టియ్యి. ఇంట్ల నాది ఒక్కటి గూడ లేదు, రేపు పనికొస్తది" అన్నది. చావు ఫోటో అడుగుతోందని నాకు అనుమానం తగిలింది.

వెంటనే వాళ్లింటికి కబురు చేయాల్సింది, కానీ ఆ వయసులో నాకంత తెలివెక్కడిది? ఒక ఫోటో తీసి, రీలులో ముప్పై ఆరు ఫోటోలూ అయితే గానీ కర్నూలుకు కడగడానికి పంపమని చెప్పి, వచ్చే సంతకు రమ్మన్నాను. వచ్చాక, మొదటిది కదిలిందేమోనని అబద్ధమాడి మరొకటి తీశాను. అలా ప్రతి సంతకూ ఏదో ఒక వంకతో ఒక్కటే తీసి మళ్లీ రమ్మనేదాన్ని. గిరాకీలకు వేరే కెమెరా వాడుతుంటే, "కోడి గుడ్ల మీద కూసున్నట్టు ఆ రీలు మీద కూసున్నవేంది?" అని అన్న నవ్వేవాడు. ఆమె బస్సు ఆలస్యమైన రోజు నాకు ముద్ద దిగేది కాదు.

మొదట్లో తల దించుకుని నిలబడేది. పోనుపోను ఎలా నిలబడాలో తనే చెప్పసాగింది. ఒకనాడు వాళ్లన్న చొక్కా తొడుక్కుని, జడ విప్పుకుని, "గిట్ల తియ్యక్కా, గిది నేను" అంది. తీశాక స్టూలు మీద కూలబడి, "సచ్చిపోదామనుకున్ననక్కా" అని బావురుమంది. ఆ పూటే నేనూ వదినా ఆమెను ఇంటికి తీసుకుపోయి, వాళ్లమ్మను బతిమాలి దవాఖానకు పంపించాం. తర్వాత రీలు కడిగించాను గానీ, ఫ్రేము మాత్రం కట్టలేదు.

ఇప్పుడామె నాగర్‌కర్నూలులో ఇద్దరు పిల్లల తల్లి. అయినా ఫోనులో ఆమె పేరు కనిపిస్తే నాకు ముందు వేసేది భయమే.

ఈనాటి పిల్లలు గదిలో కూర్చుని తమ ఫోటోలను తామే రోజుకు వంద తీసుకుంటున్నారు. తీసుకోనీ, ముచ్చటే. కానీ ఆ రోజుల్లో ఫోటో దిగాలంటే ఎదురుగా ఇంకో మనిషి ఉండక తప్పేది కాదు, దిగేవాళ్ల ముఖం చూసి భయపడటానికైనా.