ఎర్రగా పడిన పేరు

ఓబుళేశు భుజం మీది తువ్వాలు దులుపుకుంటూ బడి గేటు దాటుతున్నప్పుడే హులిగెమ్మకు తెలిసిపోయింది, పొయ్యి మీద పప్పు మాడినా సరే ఈ తమాషా వదులుకోకూడదని. గరిటె చేతిలో ఉండగానే వచ్చి ఏడో తరగతి గుమ్మం పక్కన నిలబడింది. బడిలో మధ్యాహ్న భోజనం వండే ముసలిదాన్ని పొమ్మనేది ఎవరు? పొమ్మన్నా ఆమె నోటికి ఎదురు నిలబడగలిగినవాళ్లు ఆ ఊళ్లో లేరు.

"ఏమ్మా టీచరూ, పాఠం చెప్తాండావా, పిల్లకాయల ఫొటోలు తీస్తాండావా?" అన్నాడు ఓబుళేశు. అతను బడి కమిటీ పెద్ద. ఊళ్లో సగం చేన్లు వాళ్లవే. "ఎప్పుడు చూసినా చేతిలో ఆ ఫోనే అంట గదా. మా యామిని ఇంటికాడ చెప్పింది."

ఆరాధన టీచరు ఫోను దాచుకోలేదు. "మీ యామిని ఇంటికాడ అన్ని మాటలు చెప్తాదా? సంతోషం. బడిలో మాత్రం దాని గొంతు నేనింకా వినలేదు ఓబుళేశప్పా. కూచో, నిలబడి కొట్లాడితే నీకే కాళ్లు నొస్తాయి" అని తన కుర్చీ జరిపింది.

ఓబుళేశు మనవరాలు యామినికి నత్తి. ఎవరైనా నవ్వుతారని నలుగురిలో నోరు విప్పదు. ఆ సంగతి ఊరంతటికీ తెలుసు, ఎవరూ అనరు.

ఆరాధన గోడకున్న పెద్ద టీవీ మీద ఒక లెక్క వేసింది. కింద నాలుగు జవాబులు. పిల్లలందరి చేతుల్లో తలా ఒక కాగితం ఉంది. దాని మీద నలుపు తెలుపు గళ్లతో ముగ్గులాంటి బొమ్మ, నాలుగు వైపులా నాలుగు అక్షరాలు. ఏ జవాబు సరైనదనుకుంటే ఆ అక్షరాన్ని పైకి తిప్పి కాగితం ఎత్తి పట్టుకోవాలి. ఒకరి బొమ్మ ఇంకొకరి బొమ్మలా ఉండదు కాబట్టి పక్కవాడిది చూసి తిప్పినా లాభం లేదు. పిల్లలు కాగితాలు ఎత్తగానే ఆరాధన ఫోను కెమెరాను ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పింది. తర్వాత ఫోను తెచ్చి ఓబుళేశు ముఖం ముందు పెట్టింది. యామిని పేరు ఆకుపచ్చగా వెలిగింది. ఇంకో లెక్క వేసింది. మళ్లీ ఆకుపచ్చే.

"నత్తి ఉండేది నోటికప్పా, బుర్రకు లేదు. ఈ కాగితం ఎత్తితే దాని జవాబు నాకు వినపడతాది. ఇప్పుడు నువ్వే చెప్పు. ఫోను పెట్టెలో పెట్టమంటే పెడతా."

ఓబుళేశు ఫోను వైపు, మనవరాలి వైపు మార్చి మార్చి చూశాడు. "దీనికి ఎంత కట్టాల?" అన్నాడు చివరికి.

"ఏమీ లేదు. ఊరికే ఇస్తారు."

"ఊరికే వచ్చేదైతే వాడుకోమ్మా, నాదేం పోయింది" అని లేచి వెళ్లాడు. వెళ్లే తొందరలో తువ్వాలు కుర్చీ మీదే మరిచిపోయాడు. నోరంటే ఇదీ అనుకుంది హులిగెమ్మ. తన తర్వాత ఊళ్లో ఇంకొక నోరు ఉన్నందుకు ఆమెకు ఆ రోజంతా కడుపు నిండినట్టే ఉంది.

ఆరాధనది నందికొట్కూరు పక్క పల్లె. తండ్రి ప్రేమయ్య వారమంతా కూలికి పోయి, ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేవాడు. తల్లి విశ్వాసమ్మ బైబిలు చదవడం కోసమే పెద్దయ్యాక అక్షరాలు దిద్దింది. పదిమంది ముందు నిలబడి బెదరకుండా మాట్లాడటం ఆ చర్చిలోనే అలవాటైంది ఆ పిల్లకు. ఉద్యోగం వచ్చి ఆదోని అవతల ఈ ఎర్రదిన్నెకు వేస్తే, మిగతా టీచర్లలాగా ఆదోని నుంచి ఆటోలో వచ్చిపోకుండా ఊళ్లోనే గది తీసుకుంది. వంట రాదు. ఆమె కెలికిన సంగటి ఒకసారి నోట్లో పెట్టుకుని హులిగెమ్మ, "గోడకు మెత్తేదానికి పనికొస్తాది" అని తేల్చేసింది. అప్పటినుంచి తన వంటలోంచే ఓ పిడికెడు తీసి ఇస్తోంది.

ఊళ్లో సిగ్నలు సరిగా రాదు. నీళ్లట్యాంకు మెట్లెక్కితే వస్తుంది. రోజూ పొద్దున్నే టీచరు ఆ మెట్ల మీద కూర్చుని ఫోను నొక్కుతుంటే, మొగుడితో మాట్లాడుతోందనుకున్నారు ఆడవాళ్లు. పెళ్లి కాలేదని తెలిశాక, అయితే ఇంకెవరితోనో అన్నారు. హులిగెమ్మ ఊరుకోకుండా మెట్లెక్కి చూసింది. ఫోనులో ఒక గుండెకాయ కొట్టుకుంటోంది. మనిషి లోపల ఇది ఇట్లా ఆడుతుందవ్వా, పిల్లలకు చూపిద్దామని దింపుకుంటున్నా అంది ఆరాధన. ఊరికే దొరికే పాఠాలు వెదికి దింపుకోవడం, వాటిలో మాటలు ఇంగ్లీషులోనో కోస్తా తెలుగులోనో ఉంటే ఆ గొంతు ఆపేసి పిల్లల మాటల్లో తనే చెప్పడం, ఇదీ ఆమె పద్ధతి. రెండు తరగతులకు ఒక్కతే టీచరు. ఒక తరగతి టీవీ చూస్తుంటే ఇంకో తరగతికి లెక్కలు చెప్పేది.

ముగ్గు కాగితాలకు కూడా ఒక కట్టుబాటు పెట్టుకుంది. టీవీలో ప్రశ్న మాత్రమే కనపడాలి. ఎవరి పేరు ఆకుపచ్చ, ఎవరి పేరు ఎరుపు అన్నది తన ఫోనులోనే ఉండాలి. ఎరుపు వచ్చినవాళ్లను తర్వాత వేపచెట్టు నీడకు పిలిచి, రెండోవాడికి వినపడకుండా మళ్లీ చెప్పేది.

ఒక్కటే లోపం. పొగిడితే కరిగిపోతుంది. గెలిచిన కొట్లాటను పదిమందికి చెప్పుకుంటుంది. హులిగెమ్మకూ ఆ గుణం ఉంది కాబట్టి అది లోపమని అప్పట్లో తోచలేదు.

తల్లిదండ్రుల సమావేశం వచ్చింది. ఓబుళేశే అన్నాడు, "టీచరూ, నాకు చూపించినావు గదా, ఊరందరికీ టీవీలో చూపించు. మన బడి ఎట్ల ముందుకు పోతాందో చూడనీ." ఆరాధన ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత ఫోనులో ఏదో నొక్కింది. ఫోనులో కనపడేదంతా టీవీలోకి వచ్చేసింది, పేర్లతో సహా.

జంఖానా మీద ఆడవాళ్లు, వెనక బెంచీల మీద మగవాళ్లు. టీవీకి ఒక పక్కగా పిల్లలు వరసగా నిలబడి కాగితాలు ఎత్తారు. హులిగెమ్మ టీ గ్లాసుల పళ్లెంతో ఇంకో పక్కన ఉంది. టీవీలో పేర్లు ఒక్కొక్కటే ఆకుపచ్చగా తిరిగాయి. చప్పట్లు కొట్టారు. ఒక్క పేరు ఎర్రగా నిలిచింది. అది సుంకులమ్మది.

తిమ్మయ్య కూతురు సుంకులమ్మ తెలివి తక్కువది కాదు. పత్తి తీసే కాలంలో అమ్మానాన్నలతో పాటు సుగ్గికి వెళ్లింది. సుగ్గి అంటే ఈ పక్క వానలు మోసం చేసిన ఏడాది జనం మూటలు కట్టుకుని పరాయి జిల్లాల పొలాలకు పోవడం. ఆ పిల్ల అక్కడ పత్తి తీస్తున్నప్పుడు ఇక్కడ ఈ పాఠం అయిపోయింది. మళ్లీ మిరపకోతకు గుంటూరు వైపు లారీ బయల్దేరబోతోంది. ఈసారి మాత్రం పిల్లను నాయనమ్మ దగ్గర వదిలి పోతామని తల్లి ఈరమ్మ టీచరుకు మాట ఇచ్చింది. ఆ మాట కోసం ఆరాధన వాళ్లింటి గడప చాలాసార్లు తొక్కింది.

ఈరమ్మకు అక్షరం ముక్క రాదు. "ఆ ఎర్రగా ఉండే పేరు ఎవురిది?" అని పక్కామెను అడిగింది. "మీ సుంకులమ్మదే" అంది పక్కామె, మూతి బిగబట్టి.

ఈరమ్మ లేచి నిలబడింది. చేతులు జోడించింది.

"నీ కడుపు సల్లగుండ టీచరమ్మా. ఇంతమంది పిల్లోళ్లలో మా పాపకొక్కదానికే కుంకమ పెట్టినట్ల పెట్టినావు. సుగ్గి నుంచి వచ్చిన పిల్లని తక్కువ చూడకపోతివి."

ముందు ఒకరు కిసుక్కుమన్నారు. తర్వాత జంఖానా అంతా నవ్వింది, వెనక బెంచీలు నవ్వాయి. "ఎరుపంటే తప్పని ఈరమ్మా, కూచో" అన్నాడు ఓబుళేశు, నవ్వుతోనే. ఈరమ్మకు అర్థం కాలేదు. జోడించిన చేతులు అట్లాగే ఉన్నాయి.

హులిగెమ్మ నవ్వలేదు. మంచితనం వల్ల కాదు. ఆ ఎర్రటి పేరును చూసి, భేష్ అని ఆమె కూడా అనబోయింది. మూడో తరగతి దాకా చదివానని ఊరందరి దగ్గర చెప్పుకున్న మనిషి. ఈరమ్మ ముందుగా లేచింది కాబట్టి బతికిపోయింది. సాయానికి టీచరు వైపు చూసింది.

ఆరాధన టీవీ వైపు తిరిగి ఉంది. జనానికి ఆమె వీపే కనపడుతుంది. హులిగెమ్మకు ముఖం కనపడింది. కింది పెదవి పళ్ల మధ్య నొక్కిపెట్టి, భుజాలు కదలకుండా ఆపుకుంటూ, టీచరు నవ్వుతోంది. మళ్లీ జనం వైపు తిరిగేసరికి ముఖం సర్దుకుంది. "నిశ్శబ్దం, తర్వాతి ప్రశ్న చూద్దాం" అంది.

సుంకులమ్మ వరసలోంచి వచ్చింది. చేతిలో కాగితం బెంచీ మీద పెట్టింది. తల్లి జోడించిన చేతులను విడదీసి, ఒక చేయి పట్టుకుని బయటికి నడిపించుకుపోయింది. ఆ పిల్ల ఏడ్చి ఉంటే అక్కడున్నవాళ్లకు కొంత బాగుండేది.

మర్నాడు సుంకులమ్మ బడికి రాలేదు. ఆ తర్వాతా రాలేదు. ఆ పిల్ల వంతు గుడ్డు గిన్నెలోనే మిగిలిపోతుంటే హులిగెమ్మ చూసింది, టీచరూ చూసింది. శనివారం సాయంత్రం, "నాతో రా అవ్వా, ఈరమ్మ ఇంటికి పోదాం" అంది ఆరాధన.

ఇంటి ముందు మూటలు సగం కట్టి ఉన్నాయి. ఈరమ్మ చాప పరిచింది, నీళ్లిచ్చింది. కోపం చేసుకోలేదు. "నన్ను చూసి నవ్వితే నవ్వనీలే టీచరమ్మా. సదువు రాని ముండని. నా వల్ల పాపకు తలవంపులాయె" అంది.

సుంకులమ్మ గోనెసంచిలో సత్తుగిన్నెలు సర్దుతోంది. తలెత్తలేదు.

ఆరాధన మాట్లాడటం మొదలుపెట్టింది. బాగా మాట్లాడింది. "ఆ యాప్ అట్లనే చూపిస్తాది ఈరక్కా. తప్పుకు ఎరుపని దాన్ని చేసినోళ్లు పెట్టిండారు. యాడో దేశంలో కూచున్నోళ్లకు మన కుంకమ సంగతి ఏం తెలుసు? నేను ఆ రంగులే తీసేస్తా. ఇంక పేర్లు టీవీలో రావు." ఇంకా చాలా చెప్పింది. నాయనమ్మ దగ్గర ఉంటే సుంకులమ్మకు విడిగా పాఠాలు చూపిస్తానంది. చదివితే ఏమవుతుందో చెప్పింది. ఈరమ్మ ప్రతి మాటకూ తలూపింది. "అవును టీచరమ్మా, ఆ యంత్రం చేసిన దానికి నువ్వేం చేస్తావు" అంది.

"నేను అమ్మోళ్లతోనే పోతాండా" అంది సుంకులమ్మ. అంతే. సంచి మూతి బిగించి కట్టింది.

"దాని ఇష్టం టీచరమ్మా. సోమవారం పొద్దున లారీ" అంది ఈరమ్మ, తనే తప్పు చేసినట్టు.

తిరిగి వస్తూ వీధి మలుపు దాటేదాకా హులిగెమ్మ నోరు మెదపలేదు. ఆమె అంతసేపు ఊరుకోవడం ఆరాధన ఎప్పుడూ చూడలేదు.

"ఏమవ్వా, ఏమీ అనవు?"

"ఏమంటా. శానా బాగా మాట్లాడినావు. ఓబుళేశు ముందర ఆ ఫోను గొప్పదాయె. ఈరమ్మ ముందర అదే ఫోను చెడ్డదాయె. నువ్వు మాత్రం రెండుసార్లూ మంచిదానివే."

ఆరాధన ఆగిపోయింది. "ఎందుకట్ల అంటాండావు?"

"నేను చూసినా."

"ఏం చూసినావు?"

"నువ్వు టీవీ పక్కకు తిరిగినప్పుడు."

దారి పక్కన పొలానికి కట్టిన రాళ్ల గోడ ఉంది. ఆరాధన దాని మీద కూలబడింది. ఏదో చెప్పబోయి నోరు తెరిచింది, మూసుకుంది. ఓబుళేశును నిలబెట్టి కడిగిన నోరు. అది మాటలకు తడుముకోవడం హులిగెమ్మ చూడలేకపోయింది. గోడ అవతల ఎండిపోయిన శనగచేను వైపు చూస్తూ నిలబడింది.

అడిగింది ఆరాధన, చిన్న గొంతుతో. "సుంకులమ్మ గూడా చూసింటాదా?"

"అది టీవీ పక్కనే గదా నిలబడింది. దానికి కండ్లు లేవా?"

ఆరాధన చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు రాలేదు. వస్తే దాని వెనక దాక్కోవచ్చు, అదీ రాలేదు. "నవ్వు వచ్చిందవ్వా. ఆపుకోలేకపోయినా. మా అమ్మ గూడా బైబిలు తలకిందులు పట్టుకుంటాండె మొదట్లో. చర్చిలో నవ్వినోళ్లను నేను గిచ్చినా. అట్లాంటి దాన్ని…"

"నాకెందుకు చెప్తావు ఇదంతా" అంది హులిగెమ్మ. "నన్ను చూసి నవ్వినావా?"

ఆ మాట అన్నాక తన మాటే తనకు ముల్లులా గుచ్చుకుంది. ఈరమ్మ స్థానంలో తానే లేచి ఉంటే ఆ నవ్వు తన మీదే కదా. ఆ సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

ఆరాధన లేచి, డ్రస్సుకు అంటిన దుమ్ము దులుపుకోకుండానే ఆమెకు ఎదురుగా నిలబడింది. "రేపు ఆదివారం. లారీకి ఇంక ఒక్కరోజే. పొద్దున్నే మళ్లా పోదాం. సుంకులమ్మ ముందర, వాళ్లమ్మ ముందర, నేను నవ్వినానని చెప్పాల. కానీ నా సంగతి నాకు తెలుసవ్వా. నోరు తెరిస్తే తప్పించుకునే మాటే ముందు వస్తాది. అందుకే నువ్వు నా పక్కన నిలబడు. నేను ఫోనని గాని, రంగులని గాని, చదువని గాని ఎత్తుకున్నాననుకో, నా మాట అక్కడికక్కడే ఆపెయ్. నువ్వు చూసింది నువ్వు చెప్పెయ్. ఒక్క ముక్క దాచకుండా."