కంకరలో తీతువు గుడ్లు

మా ఆయనను డయాలసిస్ మిషన్ మీద పడుకోబెట్టాక నాలుగు గంటలు నాకు పని ఉండదు. వారానికి రెండుసార్లు కవిటి నుంచి పలాస రావడం, ఆయనను నర్సులకు అప్పజెప్పడం, ఆసుపత్రి గోడ వెనకున్న పార్కులో కూర్చోవడం. దాన్ని పార్కు అంటే నాకు నవ్వొస్తుంది. జీడి ఫ్యాక్టరీల తొక్కు, బూడిద, కూల్చిన ఇళ్ల పెంకులు ఏళ్ల తరబడి పోసి పూడ్చిన పల్లం అది. పైన కంకర పరిచి, నడవడానికి బాట వేసి, ఒక సిమెంటు జిరాఫీని నిలబెట్టారు. నాటిన మొక్కలు సగం మాడిపోయాయి. ఆ తొక్కులో ఏ వేరు మాత్రం దిగుతుంది?

అలాంటి చోట కూడా ప్రాణాలు ఉన్నాయని తెలియడానికి నాకు చాలా రోజులు పట్టింది. మొదట గోడ వారగా ఒక ముంగిసను చూశాను. తర్వాత ఒక ఉదయం మూలనున్న కంకర మీదుగా నడుస్తుంటే ఒక పిట్ట నా తల మీదికి అరుస్తూ దూసుకొచ్చింది. భయపడి ఆగి, కిందికి చూశాను. ఇంకొక్క అడుగు వేస్తే తొక్కేసేదాన్ని. కంకర రంగులోనే, నల్ల మచ్చలతో నాలుగు గుడ్లు.

అప్పుడు పిట్టను గుర్తుపట్టాను. అది తీతువు. తీతువు అరిచిందంటే ఎవరికో మూడిందని మా వైపు నమ్మకం. అక్కణ్నుంచి వెళ్లిపోదామనే అనుకున్నాను. ఇంతలో అది కుళాయి కింద మడుగులో పొట్ట తడుపుకొని వచ్చి, ఆ తడితో గుడ్ల మీద కూర్చుంది. ఎండ ముదిరేకొద్దీ మళ్లీ వెళ్లింది, మళ్లీ తడిసి వచ్చింది. దాన్ని చూస్తూ కూర్చుండిపోయాను.

ఆయనకు మాత్రం తీతువని చెప్పలేదు. నీటికోడి గుడ్లు పెట్టిందన్నాను. అప్పటి నుంచి సూదులు తీయించుకుని బయటికి రాగానే పిల్లలయ్యాయా అని అడిగేవాడు. తన క్రియాటినిన్ ఎంతుందని కూడా అంత ఆత్రంగా అడగలేదు ఎప్పుడూ.

పార్కులో రోజూ నడిచే పెద్దమనుషులకు ఆ అరుపు గిట్టలేదు. వాళ్లలో ఒకాయన, తెల్ల బూట్లాయన, ఒకరోజు నా ముందు ఆగి ఎంతో జాలిగా అన్నాడు.

"ఇంట్లో మనిషి అలాగుంటే ఆ పిట్ట పక్కన కూసుంతారేటమ్మా? తోటమాలికి సెప్పాం లెండి, తీయించేత్తాం."

ఒళ్లు మండిపోయింది నాకు.

"మా ఈదిలో ఈ కిడ్నీ జబ్బుకే ఏడుగురు పోయారు బాబూ. ఒక్కల గుమ్మంలోనూ తీతువు అరవలేదు. పరీచ్చకని మా నుయ్యి నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లినోలు ఎంతమందో, జబ్బు ఇందుకని సెప్పినోడు ఒక్కడు లేడు. ఆలనడగండి. పిట్ట మీద పడతారేటి?"

ఆయన నవ్వి, ఫోన్ చూసుకుంటూ వెళ్లిపోయాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం మనవాళ్లకు కొత్త కాదు. కానీ ఇక్కడ అత్త జోలికి పోయే ధైర్యం ఎవడికీ లేదు, దుత్తలు మాత్రం పగులుతూనే ఉన్నాయి.

తర్వాతిసారి డయాలసిస్‌కు వెళ్లేసరికి మూలన కొత్త కంకర పోసి, రోలర్ తిప్పేశారు. తోటమాలి నా మొహం చూడకుండా, గుడ్లు తీసి పొద కింద పెట్టానని, పిట్ట అటు పోలేదని, కుక్కలు తినేశాయని చెప్పాడు. పోసిన వాడి మీద, పోయమన్న వాడి మీద కోపం వచ్చింది. మొదటి రోజు వెళ్లిపోదామనుకున్న నా మీద ఇంకా ఎక్కువ వచ్చింది. ఆ తెల్ల బూట్లాయనకూ నాకూ తేడా ఏముంది? నేనూ ఆ పేరు ఇంట్లో చెప్పడానికి భయపడ్డదాన్నేగా.

ఆ రోజు మా ఆయన బయటికి వచ్చాక ఎప్పటిలా అడగలేదు. ఆటో కోసం మెట్ల మీద కూర్చుని, చేతి కట్టు సర్దుకుంటున్నాడు. నేనే చెప్పేశాను, అవి నీటికోడివి కావు మావా, తీతువువి, తీయించేశారు అని.

"తీతువని నాకు తెలీదేటే? కంకర్లో నీటికోడి గుడ్లెడతాదా? మిషన్ మీద పడుకుంతే కిటికీలోంచి ఇనపడతాది దాని అరుపు. అది ఇంటుంతే నాను బతికున్నట్టు ఉండేది."

నా వైపు చూడకుండా అన్నాడు.

"ఇయాల ఇనపళ్లేదు. నాలుగ్గంటలూ భయమేసింది."