తల్లి కోసం రాసిన యుద్ధం

నా చిన్నప్పుడు నాకు యుద్ధమంటే చాలా ఇష్టం. ఇలా రాయడానికి ఇప్పుడు సిగ్గుగానే ఉంది, కానీ నిజం. మేముండేది మచిలీపట్నం పక్కన పెడనలో. నాన్న కలంకారీ అద్దకం పని చేసేవారు. నేను తొమ్మిదో తరగతికి వచ్చిన ఏడు ఉత్తరాన మంచుకొండల మీద యుద్ధం జరిగింది. సాయంత్రమయ్యేసరికి మా వీధిలో టీవీ ఉన్న ఇంటి ముందు అందరం చేరేవాళ్ళం. ఫిరంగులు పేలుతుంటే నాకు ఒళ్ళు పులకరించేది. చనిపోయినవాళ్ళ ఫొటోలు చూపిస్తే ఏడ్చేదాన్ని. ఆ ఏడుపు కూడా నాకు బాగానే ఉండేది.

పంద్రాగస్టుకి బడిలో కథల పోటీ పెట్టారు. నేనొక సైనికుడి కథ రాశాను. అతను శిఖరం మీద జెండా పాతుతాడు. గుండెలో తూటా దిగితే చిరునవ్వుతో నేలకొరుగుతూ, కన్నతల్లినీ దేశాన్నీ తలుచుకుని నాలుగు వరసల మాట ఒకటి చెప్పి మరీ కన్నుమూస్తాడు. గుండెలో తూటా దిగినవాడికి అంత మాట చెప్పే ఊపిరి ఎక్కడిదని మా మాస్టారు కూడా అడగలేదు. మొదటి బహుమతి ఇచ్చారు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి మా పక్కింటి అన్నయ్య ఆ యుద్ధం నుంచే సెలవు మీద వచ్చాడు. అతనికి ఇరవై రెండేళ్ళు. పటాలంలో చేరకముందు మా నాన్న దగ్గరే గుడ్డల మీద అచ్చులు వేసేవాడు. ఊళ్ళో దండలు వేశారు, శాలువా కప్పారు. ఎవరేమడిగినా "బాగానే ఉన్నానండీ" అనేవాడు. వాళ్ళమ్మ మాత్రం మా అమ్మ దగ్గరికి వచ్చి కూర్చుని, "అన్నం కలుపుతూనే ఉంటాడు వదినా, ముద్ద ఎత్తడు" అని కళ్ళు తుడుచుకునేది.

నా కథకి బహుమతి వచ్చిందని విని అన్నయ్య దాన్ని చదవమన్నాడు. చదివాను. మళ్ళీ చదవమన్నాడు. మర్నాడు పని కట్టుకుని వచ్చి మూడోసారి చదివించుకున్నాడు. నిజమైన సైనికుడికే అంత నచ్చిందని నాకు గర్వం నెత్తికెక్కింది. రెండు రోజులు నేల మీద నడవలేదంటే నమ్మండి.

ఆ ఆదివారం దివిసీమ వెళ్ళాలి, చెల్లిని తోడు పంపుతారా అని అమ్మని అడిగాడు. అతనితోపాటు యుద్ధంలో ఉన్న దివిసీమ కుర్రాడొకడు చనిపోయాడు. ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. వాళ్ళమ్మని పరామర్శించాలి. ఒక్కణ్ణే వెళ్ళలేకపోతున్నానని, ఇప్పటికి రెండుసార్లు బందరు బస్టాండు దాకా వెళ్ళి తిరిగొచ్చేశానని చెప్పాడు. అమ్మ మారుమాటాడకుండా నన్ను పంపింది.

అవనిగడ్డలో బస్సు దిగి, ఆటో ఎక్కి, ఆటో పోలేని చోట కాలవ గట్టున నడిచాం. ఆవిడ కూలి పనికి వెళ్ళే మనిషి. పెద్ద ఉప్పెనలో పుట్టింటివాళ్ళని పోగొట్టుకుంది. తర్వాత భర్త పోయాడు, ఇప్పుడు పెద్దకొడుకు. ఎనిమిదేళ్ళ చిన్నకొడుకు ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని మమ్మల్నే చూస్తున్నాడు. ఆవిడ చాప పరిచి, మంచినీళ్ళిచ్చి, ఒకటే అడిగింది. "మావాడు ఎట్టా పోయాడు నాయనా? బాగా బాధపడ్డాడా?"

అన్నయ్య తల వంచుకుని చెప్పడం మొదలుపెట్టాడు. రెండు వాక్యాలయ్యేసరికి నాకు తెలిసిపోయింది. అది నా కథ. శిఖరం, జెండా, చిరునవ్వు, ఆ చివరి మాట, ఒక్కటి కూడా పొల్లుపోకుండా చెప్తున్నాడు. మూడుసార్లు చదివించుకున్నది నచ్చి కాదు, కంఠతా పట్టడానికి.

ఆవిడ ఏడుస్తూనే తల ఊపుతూ వింది. అంతా అయ్యాక, "ఆ పూట అన్నం తిన్నాడా?" అని అడిగింది. నా కథలో అన్నం లేదు. అన్నయ్య "తిన్నాడమ్మా" అన్నాడు.

తనకి చదువు రాదని, ఇదంతా రాసి పంపితే చిన్నోడు చదివి పెడతాడని ఆవిడ బతిమాలుకుంది. కాగితం మాత్రం వద్దంది. ఉప్పెనలో తన వాళ్ళ ఫొటో ఒక్కటి కూడా మిగల్లేదట. గుడ్డ మీద రాయించి పంపుతానని, ఉతికినా పోదని అన్నయ్య మాటిచ్చాడు. చావు జరిగిన ఇంట్లో వెళ్ళొస్తామని చెప్పకూడదు కాబట్టి ఏమీ చెప్పకుండా లేచి వచ్చేశాం.

కాలవ గట్టు మీదికి వచ్చాక అడిగాను, నా కథెందుకు చెప్పావని. అన్నయ్య అక్కడే ఒక తూము మీద కూర్చుండిపోయాడు. కాలవలోకి చూస్తూ జరిగింది చెప్పాడు. శిఖరమూ లేదు, జెండా లేదు. సగం కొండ ఎక్కేసరికి ఆ కుర్రాడికి పొట్టలో తూటా తగిలింది. పైన శత్రువులున్నారు. కదిలితే కనిపిస్తారు కాబట్టి పగలంతా ఒక బండ చాటున పడుకుని ఉండాలి. కుర్రాడు అమ్మా అమ్మా అని అరుస్తూనే ఉన్నాడు. ఆ అరుపు పైకి వినపడితే అక్కడున్న ఏడుగురూ పోతారు.

"నోరు నేనే నొక్కానమ్మా," అన్నాడు. "పొద్దు వాలేసరికి అరవడం మానేశాడు. తూటా వల్ల మానేశాడో, నా చెయ్యి వల్ల మానేశాడో నాకు తెలీదు."

నాకప్పుడు పదమూడేళ్ళు. పక్కన నిలబడ్డాను. కాసేపటికి లేచి, "ఆవిడకి నీ కథే ఇద్దాం. నువ్వు మాత్రం దాన్ని నమ్మమాక," అన్నాడు.

నాన్న కోరాగుడ్డని కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచి ఆరబెట్టి, చుట్టూ తీగల అంచు అచ్చు వేసిచ్చారు. ఇనపముక్కలూ బెల్లమూ నానబెట్టి చేసే మా నల్లరంగు ఆ గుడ్డ మీద పడిందంటే ఇక చెరగదు. వెదురు కలం పట్టుకుని కూర్చున్నాను. నాకు నా మీద అసహ్యం వేసింది. బహుమతి ఇచ్చిన మాస్టారి మీద, దండలు వేసినవాళ్ళ మీద, ఇరవై ఏళ్ళు నిండనివాణ్ణి ఆ కొండ ఎక్కించినవాళ్ళ మీద మంట పుట్టింది. రాయనని చెప్పేయొచ్చు. కానీ ఆవిడ అడిగిన తీరు గుర్తొచ్చి రాశాను. నా వీరుడి పేరు తీసేసి ఆ కుర్రాడి పేరు పెట్టాను. ఎవరూ చెప్పకుండానే, ఆ పొద్దున వేడన్నంలో పప్పూ గోంగూర పచ్చడీ కలుపుకుని కడుపునిండా తిన్నాడని కూడా రాశాను. మంచుకొండల మీద గోంగూర ఎవడు పెడతాడు? అయినా రాశాను. అన్నయ్య చదివి, మడత పెట్టి తీసుకెళ్ళాడు.

అన్నయ్య సర్వీసు ముగించుకుని వచ్చి ఇప్పుడు బందరులో ఒక బట్టల షాపుకి కాపలా ఉంటున్నాడు. కనిపిస్తే పిల్లల చదువుల గురించి అడుగుతాడు, అంతే.

దివిసీమ వెళ్ళొచ్చిన పదేళ్ళకి నేను గుడివాడలో తెలుగు టీచరుగా చేస్తుండగా ఒక కుర్రాడు బడికి వచ్చి స్వీట్ల డబ్బా చేతికిచ్చాడు. ఆవిడ చిన్నకొడుకు, పెడనలో అడిగి నేనున్న చోటు తెలుసుకుని వచ్చాడట. రోజూ దీపం పెట్టగానే అమ్మకి ఆ గుడ్డ మీది కథ చదివి వినిపించేవాణ్ణని, ఇప్పుడు చూడకుండానే చెప్పగలనని అన్నాడు. చెప్పాడు కూడా, నా ఎదురుగా నిలబడి, చివరి మాటదాకా. "పటాలంలో సెలెక్ట్ అయ్యానక్కా. అమ్మ వద్దని ఏడ్చింది. అన్న అంత గొప్పగా పోయినప్పుడు నాకెందుకమ్మా భయం అని ఒప్పించాను."

తల్లి కోసం రాసిన కథని చదివేది ఒక పిల్లాడని నాకు అంతవరకూ తట్టనేలేదు. నిజం నాలిక చివరిదాకా వచ్చింది. చెబితే అతను ఆగిపోవచ్చు. కానీ అదే సాయంత్రం అతని మొహం చూసి ఆవిడ అడుగుతుంది, అతను చెప్పేస్తాడు. పదేళ్ళుగా కొడుకు తిని పోయాడనుకుంటున్న మనిషి ఆవిడ. నేను స్వీటు నోట్లో పెట్టుకున్నాను. అతను కాళ్ళకి దణ్ణం పెడితే జాగ్రత్త అన్నాను.

ఇప్పటికీ యుద్ధం మీద ఎవరేం రాసినా, అందులో కుర్రాడు నవ్వుతూ చనిపోతే పుస్తకం మూసేస్తాను. ఆ చిన్నకొడుకు ఇంకా సరిహద్దులోనే ఉన్నాడు. పండగలకి నాకు ఫోన్ చేస్తాడు. ఫోన్ పెట్టేసే ముందు ప్రతిసారీ చెప్పబోయి, ఈసారికి వద్దులే అనుకుంటాను.