నూనె జడ... దిగని బంతి

మా చిన్నప్పుడు వరంగల్‌లో ఆడపిల్లలు మైదానంలో బంతి పట్టుకుంటే చాలు, జనం గోడెక్కి మరీ చూసేవాళ్లు... అలాంటి రోజుల్లో మా మిషన్ బడికి సాఫ్ట్‌బాల్ వచ్చింది.

బంతి విసరడం నా పని. చెయ్యి నడుము కిందినుంచే రావాలి. అదెంత పని అనుకున్నాను... మా టీచరమ్మ బంతి చుట్టూ నీలం సిరాతో గీత గీసి, "బంతి తిరుగుతున్నా గీత నిలబడ్డట్టు కనబడాలె బిడ్డా, వణికిందంటే నీ వేళ్లు తప్పినట్టే" అనేవారు. కుట్టు మీద వేళ్లు ఆనించి, వదిలేటప్పుడు కిందినుంచి పైకి లాగితే బంతి గాలిలో ముందుకు దొర్లుతూ పోయి, కొట్టే పిల్ల దగ్గర గబుక్కున కిందికి దిగుతుంది. అది కుదిరిన రోజు నాకు ఆకలి కూడా తెలియలేదు, అంత సంబరం!

పరకాల బడితో పోటీ వచ్చింది. పొద్దున్నే అమ్మ నన్ను కూర్చోబెట్టి, "ఎండల ఆడుతవ్, తల సల్లగుండాలె" అంటూ గిన్నెడు నువ్వుల నూనె మాడుకు పట్టించి జడ వేసింది.

తీరా ఆటలో ఒక్క బంతీ దిగదే! అన్నీ తిన్నగా, చేతికందించినట్టు పోతున్నాయి. పరకాల పిల్లలు ఉతికి ఆరేస్తున్నారు. "రూతూ, ఇంకొక్క దెబ్బ పడితే నిన్ను తీసి బంతి సరోజకియ్యాలె" అన్నారు టీచరమ్మ. నాకు ఏడుపొక్కటే తక్కువ...

కొట్టే పిల్ల వెనక కూర్చుని నా బంతులు పట్టేది మా పద్మ. అది పరుగెత్తుకొచ్చింది.

"ఏందే, బంతి జిడ్డుజిడ్డుగ వస్తాంది! ఇసిరే ముందట జడ ఎందుకు ముడ్తానవ్?"

నిజమే... ముందుకు పడే జడను ప్రతిసారీ వెనక్కి తోయడం నా అలవాటు. ఆ నూనె చేత్తో పట్టుకుంటే వేళ్లు కుట్టు మీద జారిపోతున్నాయి. ఇక బంతి ఏం తిరుగుతుంది!

పద్మ నా జడను మడిచి, తన రిబ్బనుతో నెత్తి మీద బిగించి కట్టింది. నేను అరచేతులు ఎర్రమట్టిలో రుద్ది, బంతిని లంగాకు తుడిచాను. ఎదురుగా వాళ్లలో అందరికన్నా గట్టిగా కొట్టే పొడుగు పిల్ల. బంతి నడుమెత్తున పోయి పోయి... ఆమె బ్యాటు ఊపేసరికి మోకాళ్ల కిందికి జారింది. బ్యాటుకు గాలే తగిలింది. మళ్లీ అదే... మళ్లీ అదే! మూడుసార్లూ తప్పి ఆ పిల్ల అవుటై, నావైపు చూసి నవ్వేసింది కూడా.

ఆ తర్వాత వాళ్ల దెబ్బలు ఆగిపోయి, చివరికి మేమే గెలిచాం. ఇంటికెళ్లి ఆ మాట చెబితే అమ్మ ముఖం వెలిగిపోయింది. "నేను నూనె పెట్టి పంపబట్టి గెలిచినవ్. వచ్చే ఆటకు ఇంకింత పెడ్త!"

ఆ తర్వాత ప్రతి ఆటకూ అమ్మ చేత నూనె పెట్టించుకునే వెళ్లాను, జడ మాత్రం పైకి కట్టుకుని.

ఇప్పుడు మా మనవరాలూ ఆ ఆటే ఆడుతుంది, తను విసిరిన బంతి ఎలా తిరుగుతుందో ఫోనులో ఆపి ఆపి చూస్తుంది... మంచిదే, నాకూ ముచ్చటే. కానీ తల మీద చెయ్యి వేయనివ్వదు. ఆటకు పోయే పిల్లను ముందు కూర్చోబెట్టుకుని, గెలిచి రమ్మని మాడు తట్టి పంపే పొద్దులు పోయాయి. మిమ్మల్ని అలా పంపినవాళ్లెవరో రాయండి... ఈ పూటంతా చదువుకుంటూ కూర్చుంటాను.