రెండో తుమ్ము కోసం

మొన్న శనివారం నేను చేసిన నిర్వాకం చెప్తా, వినండి. టీ చల్లారిపోయినా పర్లేదు గానీ మధ్యలో నవ్వకండి. నవ్వారో, మీతో ఈ సన్నీబ్యాంక్ హోటల్‌కి మళ్ళీ రాను!

నా స్పెషలిస్ట్ ట్రైనింగ్ సీటు సంగతి తెలుసుగా? పోయినేడు చేతికందినట్టే అంది జారిపోయింది. ఈసారీ పోతే ఇంకో ఏడాది ఆస్పత్రిలో నైట్ డ్యూటీలే. మా పిల్లది ఇప్పటికే నన్ను వీకెండ్‌కి వచ్చే చుట్టంలా చూస్తోంది. మొత్తానికి తుమ్మితే ఊడే ముక్కులా ఉంది నా పరిస్థితి.

ఈసారి ఇంటర్వ్యూ రికార్డెడ్ వీడియోట! అవతల మనిషుండడు. స్క్రీన్ మీద ప్రశ్న వస్తుంది, ఎర్ర లైటు వెలుగుతుంది, రెండు నిమిషాల్లో జవాబు చెప్పేయాలి. తడబడితే మళ్ళీ రికార్డ్ చేసుకోవడాల్లేవు. సీట్లిచ్చే పెద్దవాళ్ళు తర్వాత తీరిగ్గా చూసుకుంటారట. నాతో అప్లై చేసినవాళ్ళు కొందరు హాయిగా ఉందన్నారు, ఫ్లైట్ ఎక్కక్కర్లేదు, లీవ్ అడుక్కోనక్కర్లేదు అని. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఎదుటి మనిషి తలూపకపోతే నాకు మాట పెగలదే! ప్రాక్టీస్ చేస్తే గోడకి చెప్పుకున్నట్టుంది. పైగా నా మొహం నాకే కనిపిస్తుంటే జవాబు మానేసి జుట్టు సర్దుకుంటున్నాను.

అందుకని శనివారం అసలు ఇంటర్వ్యూకి మా మావయ్యగారిని లాప్‌టాప్ వెనకాల కుర్చీ వేసి కూర్చోబెట్టాను. కాకినాడ నుంచి వచ్చి నెలైంది, ఆయనకీ ఇక్కడ పొద్దుపోవట్లేదు.

"మావయ్యగారూ, మీరేం మాట్లాడొద్దు. నేను చెప్తుంటే తలూపండి చాలు."

"ఓస్, అంతేనా! పెళ్ళైనప్పట్నుంచీ మీ అత్తయ్య దగ్గర చేస్తున్న పనేగా!"

మొదటి ప్రశ్నలు బ్రహ్మాండంగా వెళ్ళాయి. ఆయన తలూపుతుంటే నాకు ఎక్కడలేని ధైర్యం. ఆఖరిది వచ్చింది: మంచిరోజు కాదని పేషెంట్ ఆపరేషన్ వాయిదా వేయమంటున్నాడు, ఎలా నచ్చజెప్తారు? ఆహా, నా కోసమే పుట్టిన ప్రశ్న! ఎర్ర లైటు వెలిగింది.

"ముందు ఆయన నమ్మకాన్ని గౌరవిస్తాను," అని ఇంగ్లీషులో దంచడం మొదలెట్టాను. "తర్వాత మెల్లగా, ఇలాంటి శకునాల గురించి సైన్స్ ఏం చెప్తుందంటే..."

హాచ్చ్!

మావయ్యగారు తుమ్మారు. ఒక్కటే తుమ్ము!

నా నోరు టక్కున మూతపడింది. ఒట్టు, నేనేం ఆలోచించలేదు. చెయ్యి దానంతటదే గ్లాసు అందుకుంది, గటగటా నీళ్ళు తాగేశాను. మావయ్యగారు పాపం బిక్కమొహం వేసి, ఆగమన్నట్టు చెయ్యి చూపించారు. రెండోది పడితే దోషం లేదుగా! గబగబా టిష్యూ చివర మెలితిప్పి ముక్కులో పెట్టుకున్నారు. నేను ఆ ముక్కునే చూస్తున్నాను. టైమ్ పరిగెడుతోంది. వచ్చింది... వచ్చింది... అబ్బే, రాలేదు! ఆయన నోరు తెరిస్తే నేనూ తెరుస్తున్నాను, ఆయన మూస్తే నేనూ మూస్తున్నాను. ఇదంతా రికార్డవుతోంది మహాప్రభో!

హాచ్చ్!

"హమ్మయ్య!" అన్నాను పైకే.

"ఇప్పుడు చెప్పమ్మా," అన్నారాయన.

స్క్రీన్ మీద థాంక్యూ అని వచ్చేసింది. సైన్స్ ఏం చెప్తుందో ఆ పెద్దలకి ఇప్పటికీ తెలీదు.

బాత్రూమ్‌లోకి వెళ్ళి నిజంగానే ఏడ్చాను. మావయ్యగారు మాత్రం తలుపు బయట నిలబడి, "రెండోది పడిందిగా తల్లీ, సీటు నీదే!" అని ఒకటే ఓదార్పు.

ఇందాక ఇక్కడ కారు పార్క్ చేస్తుంటే రిజల్ట్ మెయిల్ వచ్చింది. అవును, వచ్చింది! ఓపెన్ చేయబోయానా... నాకే తుమ్మొచ్చింది. ఒక్కటే.

ఏంటా చూపులు? డాక్టర్నే, కాదన్నానా? ముందు ఆ మిరియాల పొడి ఇలా జరపండి!