నీలం తిరిగిన తుత్తం

మైక్రోటోమ్ అనే కోతయంత్రం ముందు నేను కూర్చున్నాక సెక్షన్ రాని బ్లాకు అంటూ నా సర్వీసులో ఒక్కటీ లేదు. మచిలీపట్నంలో ఒక ఆస్పత్రి పాథాలజీ లాబ్‌కి సీనియర్ టెక్నీషియన్‌గా వచ్చిన ఏడాది, వానలు బాగా పట్టిన శ్రావణమాసంలో, ఈ మాటకు పరీక్ష ఎదురైంది.

పెడన నుంచి ఒక కలంకారీ అద్దకం పనివాడి నాలుక ముక్క వచ్చింది, శెనగబద్దంత. క్యాన్సరో కాదో మేం తేలిస్తే తప్ప సర్జన్ గారు ఆపరేషన్ సంగతి చెప్పలేరు. రెండో ముక్క తీసే వీలు లేదు. "నా నాలుకేమన్నా తానుగుడ్డా అండీ, చాలకపోతే ఇంకో ముక్క కత్తిరించుకోడానికి?" అని ఆయన ముందే తేల్చి చెప్పాడట.

మా పని ఇదీ. ముక్కలోని నీటిని ఆల్కహాల్‌తో లాగేసి, ఆ ఆల్కహాల్‌ని జైలీన్ అనే ద్రావకంతో తొలగించి, ఆ చోట్లోకి కరిగిన మైనం ఎక్కిస్తాం. గట్టిపడిన మైనం దిమ్మే బ్లాకు. దాన్ని మైక్రోటోమ్‌కి బిగించి చక్రం తిప్పితే, ఉల్లిపొర కన్నా పల్చటి సెక్షన్లు ఒకదాని అంచుకొకటి అతుక్కుని రిబ్బనులా రావాలి. ఆ రోజు రిబ్బను వచ్చింది గానీ ప్రతి సెక్షన్‌కీ నడుమ చిల్లు. మైనం ఉంది, నాలుక లేదు.

బ్లేడు మార్చాను. దాని వాలు సరిచేశాను. కృత్తివెన్ను రొయ్యల లారీవాళ్లని అడిగి తెచ్చిన ఐసు మీద బ్లాకుని చల్లబరిచాను. చిల్లు చిల్లే. చక్రం తిప్పిన ప్రతిసారీ ముక్క కొంత అరిగిపోతుంది. నాకు పట్టుదల పెరిగింది, ముక్క తరిగింది. చివరికి నా తోటి టెక్నీషియన్ విజయకుమారి గారు, గూడూరు ఆవిడ, వచ్చి చక్రానికి లాక్ వేసేశారు.

"ఇక ఆపండి బాబాయిగారూ. ఇంకాస్త తిప్పితే స్లైడు మీద ఉత్త మైనం పెట్టి పంపాలి."

ఈ కథ మొదటి వాక్యంలో కాస్త గొప్పకి పోయానని ఇక్కడ ఒప్పుకోవాలి. ఆ వారంలో అలా చెడిన బ్లాకులు ఇంకా ఉన్నాయి. అవి పెద్ద ముక్కలు కాబట్టి, మిగిలిన దాంట్లోంచి ఇంకాస్త కోసి నెట్టుకొచ్చాం. ఈసారి ఆ వెసులుబాటు లేదు.

బ్లాకుని లెన్సు కింద పెడితే ముక్క నడిమధ్య తెల్లగా, మెత్తగా, గుంటపడి ఉంది. లోపల నీరు మిగిలితేనే అలా ఉంటుంది. నీరున్న చోటికి మైనం ఎక్కదు. అంటే లోపం కోతలో లేదు, ఆల్కహాల్‌లో ఉంది. ఆల్కహాల్ సీసా అడుగున మేం మైలుతుత్తం పోసి ఉంచుతాం, పొలాల్లో తెగుళ్లకి కొట్టేదే. పెనం మీద వేయిస్తే అది తెల్లటి పొడి అవుతుంది, ఆ పొడే పోస్తాం. ఆల్కహాల్‌లో తేమ చేరితే మళ్ళీ నీలం తిరుగుతుంది. అది కొత్త ఆల్కహాల్ పోయమని గుర్తు. కానీ మావన్నీ వ్యవసాయం ఇళ్లు. తుత్తం అంటేనే నీలం అని చిన్నప్పటి నుంచీ కళ్లకు అలవాటు. వానగాలి తేమంతా ఆల్కహాల్ పీల్చేసుకుని అడుగున నీలం మెరుస్తున్నా ఎవరికీ తేడాగా తోచలేదు. చివరికి నా చూపే అక్కడ పడింది.

బ్లాకుని కరిగించి, ముక్కని వెనక్కి జైలీన్‌లోకి, అక్కడి నుంచి కొత్త ఆల్కహాల్‌లోకి తీసుకెళ్లి, మళ్ళీ మైనం దాకా నడిపించాం. మర్నాడు రిబ్బను చిల్లు లేకుండా వచ్చింది. క్యాన్సరే, కానీ పైపొర దాటలేదని పాథాలజిస్టు గారు రిపోర్టు రాశారు. చిన్న ఆపరేషన్‌తో సరిపోయింది.

సెక్షన్ రాకపోతే బ్లేడుని తిట్టేముందు సీసాలు చూడాలి. ఇదే నేను నేర్చుకున్నది.

ఇదంతా రాసి, ఇంకా అదే లాబ్‌లో పనిచేస్తున్న విజయకుమారి గారికి చదవమని ఇచ్చాను. ఆవిడ చదివి కాగితాలు నా చేతిలో పెట్టారు.

"చూపు మీది కాదు బాబాయిగారూ. నీలం తిరిగింది, మార్చేద్దామని ఆ ముక్క రాకముందే చెప్పాను. తుత్తం నీలంగా కాక ఎర్రగా ఉంటుందా అని నన్నే దబాయించారు."